ఫోను నిండినదా? దాచవలసినవి, తీయవలసినవి

పాల సంఘాల సభ్యుల ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఇప్పుడు పాలక్యానుతో సమానమైన పనిముట్టు అయినది. పూటపూటకు పోసిన పాల కొలత, వెన్న శాతం ఎస్.ఎం.ఎస్.గా వచ్చేది దానిలోనే. పాలబిల్లు బ్యాంకులో జమ అయినట్లు తెలిసేది దానిలోనే. బర్రెకు జబ్బు చేస్తే ఫొటో తీసి పశువైద్యునికి పంపేది దానితోనే. అటువంటి ఫోను ఒకనాడు ‘స్టోరేజ్ ఫుల్’ అని చూపించి మొరాయిస్తుంది. ఫొటో తీయబోతే చోటు లేదంటుంది. డబ్బు పంపబోతే యాప్‌ను అప్‌డేట్ చేయమంటుంది, అందుకు చోటు ఉండదు. కొన్ని ఫోన్లలో కొత్త ఎస్.ఎం.ఎస్.లు కూడ రావు.

అప్పుడు మనలో చాలమంది రెండు పనులలో ఒకటి చేస్తారు. ఒకటి, ఫోను పాడైనదని కొత్తది కొనుట. రెండు, ఇంట్లో పిల్లల చేతికిచ్చి ‘అన్నీ తీసెయ్’ అనుట. మొదటిది డబ్బు దండుగ. రెండవది అంతకంటె ప్రమాదం. పనికిరాని వేయి బొమ్మలతో పాటు, పశువు బీమాకు కావలసిన ఒక్క ఫొటో కూడ పోవచ్చును. పోయిన తరువాత వెదకుట చేతులు కాలినాక ఆకులు పట్టుకొనుట వంటిది.

ఫోనును ఖాళీ చేయుట కష్టమైన పని కాదు. అయితే దానికి ఒక వరుస ఉన్నది. ముందు చూడవలెను, తరువాత దాచవలెను, ఆ తరువాతనే తీసివేయవలెను. ఈ వరుసను సభ్యులందరికి తెలియునట్లు ఇక్కడ వివరిస్తున్నాము.

ఫోనులో చోటు అనగా ఏమిటి?

ఫోను కొన్నప్పుడు డబ్బామీద ‘4+64’ అనో, ‘6+128’ అనో వ్రాసి ఉంటుంది. ఇందులో చిన్న అంకె ఫోను పని చేసుకొనే చోటు. దీనిని ర్యామ్ అంటారు. పెద్ద అంకె వస్తువులు నిలువ చేసే చోటు. దీనినే స్టోరేజ్ అంటారు. చిన్నది వాకిలి వంటిది, పెద్దది వడ్లు పోసుకొనే గుమ్మి వంటిది. వాకిలి ఊడ్చినంత మాత్రాన గుమ్మి ఖాళీ కాదు. కొందరు తెరిచిన యాప్‌లను వేలితో పైకి తోసివేసి ఫోను ఖాళీ చేసినామని అనుకుంటారు. దానివలన వాకిలి మాత్రమే శుభ్రమవుతుంది, గుమ్మిలోనిది గుమ్మిలోనే ఉంటుంది.

64 జి.బి. అని వ్రాసి ఉన్నా 64 మనకు దక్కవు. ఫోను నడుచుటకు కావలసిన సామగ్రియే అందులో చాలా భాగం ఆక్రమిస్తుంది. మిగిలినదే మనది. ఆ మిగిలినదానిని కూడ అంచు వరకు నింపరాదు. క్యానును మూతి వరకు నింపి ఎత్తితే పాలు ఒలికినట్లే, పూర్తిగా నిండిన ఫోను మెల్లగా నడుచుట, మధ్యలో ఆగుట మొదలవుతుంది. మొత్తం చోటులో పదోవంతు అయినా ఎప్పుడూ ఖాళీగా ఉంచుట మంచిది. 64 జి.బి. ఫోనులో 6 లేక 7 జి.బి. ఖాళీ ఉన్నదంటే నిశ్చింతగా ఉండవచ్చును.

ఎందుకు నిండుతున్నది?

2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన తరువాత దేశంలో ఇంటర్నెట్ చౌక అయినది. బొమ్మలు, వీడియోలు పంపుకొనుట పల్లెలకు కూడ అలవాటైనది. 2018 జనవరిలో అమెరికాలోని వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక భారతదేశపు ఫోన్లను గురించి ఒక కథనం ప్రచురించినది. ప్రతి ఉదయం పంపుకొనే ‘గుడ్ మార్నింగ్’ బొమ్మలతో ఇక్కడి ఫోన్లు నిండి నిలిచిపోతున్నవని దాని సారాంశం. స్మార్ట్‌ఫోను వాడేవారిలో భారతదేశంలో ముగ్గురిలో ఒకరికి, అమెరికాలో పదిమందిలో ఒకరికి ప్రతిరోజు ఫోనులో చోటు చాలుట లేదని వెస్టర్న్ డిజిటల్ అనే కంపెనీ చెప్పిన లెక్కను కూడ ఆ పత్రిక ఇచ్చినది. అంతకు ముందే, 2017 డిసెంబరులో, గూగుల్ సంస్థ ఫోను శుభ్రం చేసుకొనుటకు ‘ఫైల్స్ గో’ అనే యాప్‌ను విడుదల చేసినది. ఇప్పుడు దాని పేరు ‘ఫైల్స్ బై గూగుల్’.

ఒక చిన్న లెక్క వేసి చూడుడు. సభ్యుడొకరికి రోజుకు వాట్సాప్‌లో 40 బొమ్మలు, 5 వీడియోలు వస్తున్నవనుకొందాము. బొమ్మకు 0.2 ఎం.బి. చొప్పున 8 ఎం.బి., వీడియోకు 10 ఎం.బి. చొప్పున 50 ఎం.బి. మొత్తం రోజుకు 58 ఎం.బి. నెలకు 1,740 ఎం.బి., అనగా సుమారు 1.7 జి.బి. ఏడాది తిరిగేసరికి 20 జి.బి. దాటుతుంది. ఒక్క చోట కూడ మనము వేలు పెట్టకుండనే ఇంత సరుకు చేరుతుంది.

ఇప్పుడు రెండవ వైపు లెక్క చూడుడు. పూటకు ఒకటి చొప్పున పాలకేంద్రం ఎస్.ఎం.ఎస్.లు ఏడాదికి 730. ఇవన్నీ కలిసినా కెమెరాతో తీసిన ఒక్క ఫొటో అంత బరువుండవు. బ్యాంకు పాస్‌బుక్, పట్టాదారు పాస్‌బుక్, ఆధార్, బీమా పత్రం, పశువుల ఫొటోలు అన్నీ కలిపి 40 ఫొటోలు ఉన్నవనుకొంటే, ఒక్కొక్కటి 4 ఎం.బి. చొప్పున 160 ఎం.బి. మాత్రమే. మంచి నాణ్యతతో తీసిన ఒకటిన్నర, రెండు నిమిషాల వీడియో ఒక్కటే ఇంత చోటు తీసుకుంటుంది.

సభ్యులు ముఖ్యంగా గ్రహించవలసినది ఇదే. మన పనికి వచ్చేవి తేలికైనవి, బరువైనవి చాలవరకు పనికిరానివి. అయినా ఫోను నిండగానే చాలమంది మొట్టమొదట తుడిచేది ఎస్.ఎం.ఎస్.లనే. దానివలన చోటు రాదు, పాల లెక్క మాత్రం పోతుంది.

ముందు చూడవలెను

ఫోనులో ‘సెట్టింగ్స్’ తెరిచి, అందులో ‘స్టోరేజ్’ అను మాటను నొక్కవలెను. కొన్ని కంపెనీల ఫోన్లలో ఇది ‘అబౌట్ ఫోన్’ లేక ‘బ్యాటరీ అండ్ డివైస్ కేర్’ అనే భాగంలో ఉంటుంది. కనబడనిచో సెట్టింగ్స్ పైభాగంలోని వెదకే గడిలో స్టోరేజ్ అని వ్రాసిన చాలును. అక్కడ వీడియోలు ఎంత, ఫొటోలు ఎంత, యాప్‌లు ఎంత అని విడివిడిగా కనబడుతుంది. అన్నిటికంటె పెద్ద అంకె దేనికి ఉన్నదో అక్కడనే పని మొదలు పెట్టవలెను. పాలు తగ్గినప్పుడు ఏ పశువు దగ్గర తగ్గినవో చూడకుండ అన్నిటికి మందు పోయము కదా.

తరువాత దాచవలెను

ఏదైనా తీసివేయుటకు ముందు ఈ క్రింది వాటికి రెండవ ప్రతి ఉన్నదో లేదో చూచుకొనవలెను.

(1) పశువు చెవి ట్యాగు ఫొటో. ట్యాగుమీద ఉండే 12 అంకెల సంఖ్యయే ఆ పశువుకు గుర్తు. పశువు చనిపోయినప్పుడు ట్యాగు లేనిదే బీమా సొమ్ము రాదు. ట్యాగుతో సహా పశువు కనబడు ఫొటో, బీమా పత్రం ఫొటో తప్పక ఉండవలెను.

(2) ఎద సూది వేయించిన తేదీ, ఈనిన తేదీ, టీకాల చీటీలు.

(3) పాలకేంద్రం చీటీల ఫొటోలు. యంత్రం నుండి వచ్చే చీటీ వేడితో అచ్చు పడే కాగితం. కొన్నాళ్లకు దానిమీది అక్షరాలు వెలిసిపోతవి. కనుక ఫొటో తీయుట మంచిదే. అయితే ప్రతి చీటీకి ఫొటో అక్కరలేదు. రోజువారీ కొలతలు నోటుపుస్తకంలో వ్రాసుకొని, బిల్లు వచ్చినప్పుడు ఆ బిల్లుకు ఒక్క ఫొటో తీసిన చాలును.

(4) జబ్బు పడిన పశువు ఫొటోలు. 2022లో దేశంలో ముద్దచర్మ వ్యాధి వ్యాపించినప్పుడు ఒంటిమీద గడ్డలు ఏనాడు కనబడినవి, ఎట్లు పెరిగినవి అని వైద్యునికి చెప్పుటకు ఇటువంటి ఫొటోలు ఎంతో ఉపయోగపడగలవు. చికిత్స ముగిసే వరకు వీటిని ఉంచవలెను.

(5) ఇంటివారి జ్ఞాపకాలు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఎన్నో ఇళ్లలో ఒకరైనా దుబాయి, మస్కట్, ఖతార్‌లలో పనికి పోయి ఉన్నారు. వారి పాస్‌పోర్టు, వీసా కాగితాల ఫొటోలు, వారి మాటల రికార్డులు వాట్సాప్‌లోనే ఉంటవి. ఆ చాట్ బరువుగా ఉన్నదని మొత్తం తుడిచివేసిన, కాలం చేసిన పెద్దల గొంతు కూడ దానితో పోవును. ఇటువంటివి ఏరి ముందుగా వేరుచోట పెట్టవలెను.

రెండవ ప్రతి ఎక్కడ పెట్టవలెను? మార్గాలు మూడు. ఇంట్లో మరొకరి ఫోనుకు పంపుట ఒకటి. మెమరీ కార్డులోకో, పెన్‌డ్రైవ్‌లోకో, తెలిసినవారి కంప్యూటరులోకో ఎక్కించుట రెండవది. గూగుల్ ఖాతాలో నిలువ చేయుట మూడవది. ఖాతా ఒక్కంటికి 15 జి.బి. ఉచితం. ఫొటోలు, ఈమెయిళ్లు, వాట్సాప్ బ్యాకప్ అన్నీ ఆ 15లోనే ఇమడవలెను. 2021 జూన్ 1కి ముందు ఫొటోలకు ఉన్న ఉచిత సదుపాయం ఇప్పుడు లేదు. ఉట్నూరు, కెరమెరి, తిర్యాణి కొండ పల్లెల వంటి చోట్ల సిగ్నల్ పలుచగా ఉండును. కావున ఆ సభ్యులు సంతకో, మండల కేంద్రానికో వచ్చినప్పుడు ఫొటోలు ఎక్కినవా లేదా అని చూచుకొని, ఆ తరువాతనే ఫోనులోనివి తీయవలెను. మెమరీ కార్డు కూడ ఒకనాడు చెడిపోగలదు. ముఖ్యమైన కాగితం ఒక్కచోటనే ఉంచుట క్షేమం కాదు.

ఇక తీయవలసినవి

మొదటిది వాట్సాప్. వాట్సాప్ తెరిచి, పైన కుడిమూల మూడు చుక్కలు నొక్కి, ‘సెట్టింగ్స్’, తరువాత ‘స్టోరేజ్ అండ్ డేటా’, తరువాత ‘మేనేజ్ స్టోరేజ్’ అను మాటలను వరుసగా నొక్కవలెను. 5 ఎం.బి. మించిన వీడియోలు ఒకచోట, అనేకసార్లు చేతులు మారి వచ్చినవి మరొకచోట కనబడుతవి. క్రింద ఏ గ్రూపు ఎంత చోటు తిన్నదో పెద్దది మొదలు చిన్నది వరకు వరుసగా ఉంటుంది. అనేకసార్లు చేతులు మారినవాటిలో మన సొంత కాగితాలు ఉండుట అరుదు. ఒకసారి కన్నువేసి తీసివేయవచ్చును. తీసే ముందు ‘స్టార్’ గుర్తు పెట్టినవాటిని కూడ తీయమంటారా అని అడిగితే, వద్దని ఆ గడిలోని టిక్కు తీయవలెను.

రెండవది, దానంతట అదే దిగుట ఆపవలెను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. అదే ‘స్టోరేజ్ అండ్ డేటా’లో ‘మీడియా ఆటో-డౌన్‌లోడ్’ క్రింద ఫొటోలు, వీడియోలు, ఆడియోలకు ఎదురుగా ఉన్న టిక్కులు తీసివేసిన, మనము వేలితో నొక్కినవే ఫోనులోకి దిగుతవి. నెలనెలా చేయవలసిన చాకిరి దీనితో సగానికి తగ్గుతుంది. ‘మీడియా విజిబిలిటీ’ అని మరొకటి ఉన్నది. దానిని ఆపితే బొమ్మలు గ్యాలరీలో కనబడవు. అంతేగాని చోటు మిగలదు. ఈ రెంటికి తేడా తెలిసి ఉండవలెను.

మూడవది, మనకు తెలియకుండ పెరిగేవి. కొన్ని ఫోన్లలో ప్రతి సంభాషణ దానంతట అదే రికార్డు అవుతుంది. ఆ రికార్డులు నెలల తరబడి పోగుపడుతవి. టెలిగ్రామ్‌లో చూచిన సినిమాలు, యూట్యూబ్‌లో దించుకొన్న పాటలు, ‘డౌన్‌లోడ్స్’ అరలో పడి ఉన్న ఫైళ్లు కూడ ఇటువంటివే. ఫైల్స్ బై గూగుల్‌లో ‘క్లీన్’ అను భాగం తెరిచితే పెద్ద ఫైళ్లు, రెండు ప్రతులున్నవి ఏరి చూపిస్తుంది. చూపించినంత మాత్రాన అన్నీ తీయనక్కరలేదు. ఏరుట దాని పని, నిర్ణయించుట మన పని.

నాల్గవది, యాప్‌లు. ఆరునెలలుగా తెరవని ఆటలు, షాపింగ్ యాప్‌లు తీసివేయవలెను. కావలసినప్పుడు ప్లే స్టోరు నుండి తిరిగి వేసుకొనవచ్చును. ఉన్న యాప్‌లలో బరువెక్కినవాటికి, సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు నొక్కి, ‘స్టోరేజ్’లో ‘క్లియర్ క్యాష్’ నొక్కవచ్చును. ఇక్కడ క్యాష్ అనగా డబ్బు కాదు. యాప్ త్వరగా తెరుచుకొనుటకు పక్కన పెట్టుకొన్న తాత్కాలిక సరుకు. అది పోయినందున నష్టం లేదు. దాని పక్కనే ఉండే ‘క్లియర్ డేటా’ లేక ‘క్లియర్ స్టోరేజ్’ మాత్రం నొక్కరాదు. వాట్సాప్‌లో దానిని నొక్కితే ఫోనులోని చాట్‌లు పోతవి. ఫోన్‌పే, గూగుల్ పేలలో నొక్కితే బ్యాంకులోని డబ్బుకు ఏమీ కాదు గాని, సిమ్ నుండి ఎస్.ఎం.ఎస్. పంపి మళ్లీ మొదటినుండి నమోదు చేసుకొనవలసి వస్తుంది.

అయిదవది, చెత్తబుట్ట. తీసివేసిన ఫొటోలు వెంటనే పోవు. గ్యాలరీలోని ‘బిన్’ లేక ‘ట్రాష్’ అనే బుట్టలో కొన్నాళ్లు ఉంటవి. బుట్టలో ఉన్నంతకాలం చోటు ఆక్రమించే ఉంటవి. ‘ఇంత తీసినా చోటు రాలేదేమి’ అని అనుకొనుటకు కారణం ఇదే. పొరపాటున పోయినదానిని తిరిగి తెచ్చుకొనే చోటు కూడ అదే. కనుక బుట్టను ఒకసారి పరికించి, ఆ తరువాత ఖాళీ చేయవలెను.

గూగుల్ ఫొటోస్ వాడువారికి హెచ్చరిక

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడ. గూగుల్ ఫొటోస్ అనే యాప్‌లో ఫొటోలు ఖాతాలోకి ఎక్కిన తరువాత, ‘గూగుల్‌లో ఉన్నవి గదా’ అని అదే యాప్‌లో వాటిని డిలీట్ చేస్తారు. అట్లు చేసిన ఫోనులోనిది, ఖాతాలోనిది రెండూ పోతవి. సరైన పద్ధతి వేరు. పైన మన ఖాతా బొమ్మను నొక్కితే ‘ఫ్రీ అప్ స్పేస్’ అను మాట కనబడుతుంది. దానిని నొక్కితే, ఖాతాలోకి ఎక్కిన ఫొటోల ప్రతులు ఫోను నుండి మాత్రమే పోతవి, ఖాతాలో భద్రంగా ఉంటవి. పొరపాటున డిలీట్ చేసినవారు భయపడక వెంటనే ‘బిన్’లో చూడవలెను. ఖాతాలోకి ఎక్కిన ఫొటోలు అందులో 60 రోజులు నిలిచి ఉంటవి.

చేయరానివి

ఫోనును శుభ్రం చేస్తామని ప్రకటనలలో కనబడే ఊరూ పేరూ లేని యాప్‌లను వేసుకొనరాదు. అవి తీసే చోటుకంటె తినే చోటు ఎక్కువ. కొన్ని మన సమాచారాన్ని కూడ లాగుకొనును.

పి.ఎం. కిసాన్ సొమ్మనీ, వాహన చలానా అనీ, పెళ్లి పత్రిక అనీ వాట్సాప్‌లో వచ్చే ఫైళ్లలో, పేరు చివర ‘ఏ.పి.కె.’ అని ఉన్నదానిని ఎట్టి పరిస్థితిలోను నొక్కరాదు. అది పత్రిక కాదు, ఫోనులో దూరే యాప్. దానితో బ్యాంకు సొమ్ము పోగొట్టుకొన్నవారు ఉన్నారు. అటువంటిది జరిగిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను.

‘ఫ్యాక్టరీ రీసెట్’ చేస్తే ఫోను కొత్తదాని వలె అవుతుందని ఎవరైనా చెప్పిన, రెండవ ప్రతులన్నీ చూచుకొనక ముందు ఒప్పుకొనరాదు. దానితో ఫోనులోని మన సరుకు సమస్తం పోవును. మెమరీ కార్డు కొనేటప్పుడు మరీ చౌకగా వచ్చే పెద్ద అంకెల కార్డులను నమ్మరాదు. పైన వ్రాసినంత చోటు లోపల లేని నకిలీ కార్డులు ఉంటవి.

సంఘాలు చేయదగినది

ఫోన్లు నిండుటకు మన సంఘాల గ్రూపులు కూడ కొంత కారణమే. బిల్లు తేదీ, దాణా వచ్చిన సమాచారం, పశువైద్య శిబిరం కబురు ఇవన్నీ వందల శుభోదయాల మధ్య కలిసిపోతున్నవి. కార్యదర్శులు సంఘం ప్రకటనలకు వేరే గ్రూపు పెట్టి, గ్రూపు సెట్టింగ్స్‌లో అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపునట్లు ఏర్పాటు చేయవచ్చును. ముచ్చట్లకు వేరే గ్రూపు ఉండనిండు. ‘డిసప్పియరింగ్ మెసేజెస్’ అను ఏర్పాటుతో సందేశాలు 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో వాటంతట అవే పోవును. ముచ్చట్ల గ్రూపుకు ఇది బాగుంటుంది. బిల్లుల గ్రూపుకు మాత్రం దీనిని పెట్టరాదు. తకరారు వచ్చిననాడు చూపించుటకు ఏమీ మిగలదు.

ఇదంతా ఒకనాడు చేసి మరిచిపోయే పని కాదు. పాకను ఏడాదికొకసారి ఊడ్చినందున ప్రయోజనం లేదు గదా. పాలబిల్లు వచ్చిన రోజును ఇందుకు గుర్తుగా పెట్టుకొనుట సులువు. ఆనాడు బిల్లు ఫొటో తీసి, రెండవ ప్రతి మరొకరి ఫోనుకు పంపి, వాట్సాప్‌లోని పెద్ద వీడియోలు తీసి, చెత్తబుట్ట ఖాళీ చేయుటకు పావుగంట చాలును. వెన్న తీసి దాచుకొన్న తరువాతనే మిగిలినది పారబోయవలెను. ఈ ఒక్కటి జ్ఞాపకం ఉన్నవారి ఫోను నిండినా, ముఖ్యమైనది పోదు.

సంఘ కార్యదర్శులు ఈ వ్యాసాన్ని పాలకేంద్రం గోడకు అంటించి, చదువురాని సభ్యులకు, ముఖ్యంగా పాలు పోయుటకు వచ్చే ఆడపడుచులకు చదివి వినిపించవలసినదిగా కోరుతున్నాము. వీలైనచోట రాబోయే సర్వసభ్య సమావేశంలో ఫోను తెలిసిన యువకుడొకరిని పిలిచి, సభ్యులు తమ చేతులతో తామే చేసి చూచునట్లు ఏర్పాటు చేయగలరు.